నకలు దొరకని తలాక్

నాగర్‌కర్నూలు అదాలత్‌లో పాత కాగితాలను భద్రం చేసే ఉద్యోగిని మొహాఫిజ్ సాబు అంటారు. ఆయన గదికి కిటికీ ఒక్కటే. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా ఎర్రగుడ్డ మూటలు. ఒక్కో మూట ఒక బస్తా. ఒక్కో బస్తాలో నలభై యాభై మిసిళ్ళు, అంటే నలభై యాభై ఇళ్ళ కొట్లాటలు దారంతో కట్టి ఉంటాయి. ఆ గడప దగ్గర అహ్మద్ నిలబడటం ఇది మూడోసారి.

"లేదు మియా. షంషున్నీసా పేరు మీద ఖులా తలాక్ ముకద్దమా ఏదీ లేదు. నువ్వు చెప్పిన సాలు చూసిన, ముందర సాలు చూసిన, ఎనక సాలు చూసిన. ఇంగ నా కండ్లు పోవాలె" అన్నాడు మొహాఫిజ్ సాబు.

"ఎట్ల లేదు సాబ్? మా అబ్బాజాన్ ఈడికే వచ్చిండు. తీర్పయింది. నా చెల్లె తొమ్మిదేండ్ల సంది మా ఇంట్లనే ఉంది."

"ఇంట్ల ఉంటే కాగితం పుడ్తదా?"

మొహాఫిజ్ సాబు కసురుకునే మనిషి కాదు. కళ్ళద్దాలు తీసి కుర్తా అంచుతో తుడుచుకుని, ఫేరిస్తు పుస్తకాన్ని అహ్మద్ వైపు తిప్పాడు, చదువు రానివాడికి చూపించి లాభం లేదని తెలిసి కూడా.

"గిట్ల చూడు. ముకద్దమా ఏసినోళ్ళ పేరు ఈ పుస్తకంల ఎక్కిస్తం. పేరు దొరికితే బస్తా దొరుకుతది, బస్తా దొరికితే మిసిలు దొరుకుతది. పేరే లేకపాయె, ఇంత గదిల నేనేం ఏరాలె? ఇంటికి పోయి జర అడుగు. మీ అబ్బాజాన్ ఏం పేరు రాయించిండో, ఏ అదాలత్‌ల ఏసిండో."

అహ్మద్ గద్వాలలో ఎడ్లకు లాడాలు కొట్టి బతికేవాడు. నలభై రెండేళ్ళ మనిషి. ఎంతటి పొగరుబోతు ఎద్దునైనా తాడుతో పడదోసి, నాలుగు కాళ్ళూ ఒక్కచోట కట్టి, గిట్టకు లాడం బిగించగలడు. ఆ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు మాత్రం కాళ్ళు కట్టి పడేసిన ఎద్దు తనేనని తోచింది.

రోజులు లేవు. బక్రీదు దాటి పదిరోజులైంది. మొహర్రం నెలవంక కనిపిస్తే పీర్లు లేస్తాయి. పీర్ల నెలలో ఏ ఖాజీ నిఖా చదవడు. వనపర్తి దర్జీ చోటే మియాతో షంషున్నీసా నిఖా ఆ నెలవంకకు ముందే అయిపోవాలి. చోటే మియా భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. కానీ అతని అన్నదమ్ములు అంత నెమ్మదస్తులు కారు. "ఈ నెల కాకుంటే ఈ పిల్లను ఇడిసి ఇంకోదాన్ని చూస్తం" అని కబురు పంపారు. ముప్పై దాటిన ఆడదానికి, అందునా ఒకసారి మొగుణ్ని వదిలినదానికి, సంబంధాలు క్యూ కట్టి రావు. ఇదొక్కటి వచ్చింది.

అన్నీ కుదిరాక మదార్ అడ్డం పడ్డాడు. మదార్ షంషున్నీసా మొదటి మొగుడు. ఆమెకు పిల్లలు కలగలేదని దెప్పి, కొట్టి, చివరికి నిఖాలో రాసిచ్చిన మహర్ సొమ్ము వదులుకుని, ఆమే అదాలత్‌లో ఖులా తలాక్ అడిగితేగానీ వదలనివాడు. ఆ తర్వాత ఇంకొకామెను చేసుకున్నాడు. ఆమె ఇద్దరు ఆడపిల్లల్ని కని మొన్న ఎండాకాలం చనిపోయింది. ఇప్పుడు గద్వాల ఖాజీ సాబు దగ్గరికి వచ్చి, "షంషు నా పెండ్లామే, నేను తలాక్ ఇయ్యలే, ఇచ్చిన అంటే కాగితం చూపించుమను" అని కూర్చున్నాడు. ఖాజీ సాబు తప్పు చేసే మనిషి కాదు. "అదాలత్ నకలు తీస్కరా అహ్మద్. తెచ్చిన ఘడియల నిఖా చదువుత. తేకుంటే ఒకని పెండ్లాన్ని ఇంకొకనికి కట్టిన పాపం నాకొద్దు" అన్నాడు.

లడాయి రోజులు, ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్నాయి. వెనక ఇనప పొయ్యిలో బొగ్గు కాలుతుంటే, ఎత్తు వచ్చినప్పుడల్లా జనం దిగి నెట్టాలి. అహ్మద్ నెట్టుకుంటూ, దగ్గుకుంటూ వనపర్తి దాటి, రైలెక్కి, గద్వాల చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. దారి పొడుగునా చనిపోయిన తండ్రి ఇమాం సాబు మీద కోపం ఉడికింది. ఆయన అంతా తనే చేసుకునే మనిషి. ఆ రోజుల్లో అహ్మద్ రాయచూరు పత్తి మిల్లులో ఉన్నాడు. "నువ్వు రానక్కర్లే, నేనున్న" అని కబురు చేసి, అదాలత్ పని అంతా తానే చక్కబెట్టి, ఒక్క ముక్కా చెప్పకుండానే మూడేళ్ళకు కన్నుమూశాడు.

ఇంట్లో తల్లి ఖతీజాబీ జొన్నరొట్టె తడుతోంది. షంషున్నీసా చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది.

"లేదంట" అన్నాడు అహ్మద్. "ఆయన సచ్చి సుఖపడ్డడు. నేను నాగర్‌కర్నూలు బాటల చెప్పులు అరగదీస్తున్న. అదాలత్‌కు పోయిండో, దోస్తుల ఇంట్ల కూసొని వచ్చిండో!"

"మీ అబ్బాజాన్‌ను అట్లనకు" అంది ఖతీజాబీ.

"ఎట్లనాలె మరి? పుస్తకంల పేరే లేకపాయె."

రొట్టె పెనం మీద మాడుతోంది. ఖతీజాబీ దాన్ని తిప్పలేదు.

"ఆ పేరు ఉండదు బిడ్డా" అంది. "ఇంకో పేరు ఉంటది."

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆమె వైపు చూశారు.

"ముకద్దమా ఏసే ముందురోజు మీ అబ్బాజాన్ పోయి అదాలత్ ఎట్లుంటదో చూసొచ్చిండు. ఆడ చప్రాసీ అరుగు మీద నిలబడి మూడుసార్లు పిలుస్తడంట. ఫలాన్ బీ, ఫలానోని బిడ్డ, హాజరున్నదా అని. ఎవల్నో ఆడిమనిషిని పిలిచిండంట. బీడీ తాగుకుంట కూసున్నోడు ఒకడు ఆ పేరును నోట్ల తిప్పుకొని నవ్విండంట. ఇంటికి వచ్చి రొట్టె ముట్టలే. నా బిడ్డ పేరు ఆ అరుగు మీద పడొద్దు అన్నడు. వకీలుకు మీ ఫుప్పమ్మ పేరు చెప్పిండు. ఎవలికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

ఫుప్పమ్మ అంటే ఇమాం సాబు చెల్లెలు అక్తర్ బేగం. అహ్మద్ పాలబుగ్గల పిల్లవాడుగా ఉన్నప్పుడే ప్లేగులో పోయింది.

"సచ్చినామెను పిలిస్తే ఎవడు చూస్తడు, ఎవడు నవ్వుతడు అన్నడు. మన షంషును పరదా బండిల కూసోబెట్టి, కాగితం లోపలికి తెచ్చి, ఏలిముద్ర దీనితోనే ఏయించిండు. పైన ఏం పేరున్నదో దీనికి తెల్వదు. మదార్‌కు తెల్సు. ఆడనే ఉండె కదా. మహర్ తప్పుతదని సంబురంల నోరు ఇప్పలే."

అహ్మద్‌కు మదార్ ధైర్యం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఆ పేరుతో కాగితం లేదని తెలిసే కాగితం చూపించమన్నాడు.

"వారెవా!" అని అహ్మద్ నుదురు కొట్టుకున్నాడు. "సచ్చినామెకు తలాక్ ఇప్పించి, బతికున్నదాన్ని కట్టుబట్టలతోని ఇంట్ల ఉంచిండు. ఏం తెలివి, ఏం తెలివి!"

"ప్రేమతోని చేసిండురా."

"ప్రేమ కాదమ్మీ, ఇజ్జత్. మనింట్ల రెండూ ఒక్క డబ్బాలనే పెడ్తరు."

షంషున్నీసా గడప మీద కూర్చుండిపోయింది. "అయితే నేనింకా మదార్ పెండ్లాన్నేనా అమ్మీ?"

"అల్లా ముందర కాదు బిడ్డా."

"అల్లా దగ్గరికి పోయి నకలు తెచ్చేటోడెవడు?"

మాడిన రొట్టెను ఖతీజాబీ తీసి పక్కన పెట్టింది. షంషున్నీసా లేచి బురఖా దులిపింది.

"నేను వస్త భయ్యా. ఆ ముద్ర ఏసిన ఏలు నాదే కదా."

"అదాలత్‌కు నువ్వా? పది మంది మొగోళ్ళల్ల?"

"చూడు, నువ్వు గూడ అబ్బాజాన్ లెక్కనే మాట్లాడుతున్నవ్" అంది ఆమె. అహ్మద్‌కు ఆ మాట చెంప మీద పడ్డట్టయింది. అప్పటిదాకా తిట్టింది ఎవరిని?

రెండోనాడు మధ్యాహ్నానికి ఇద్దరూ మొహాఫిజ్ సాబు గదిలో ఉన్నారు. అక్తర్ బేగం అనగానే ఆయన ఫేరిస్తు తిప్పాడు. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నిచ్చెన వేసి, బస్తా దించి, ముడి విప్పి, మట్టి ఊదేసి ఒక మిసిలు పైకి తీశాడు.

"అక్తర్ బేగం, ఇమాం సాబు బిడ్డ, గద్వాల. ముద్దాలేహ్, అంటే ఎదుటి పక్షం, మదార్. ఖులా మంజూరు." ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఎవలు మియా ఈ అక్తర్ బేగం?"

అహ్మద్ చెప్పాడు. దాచకుండా చెప్పాడు. చెబుతుంటే మాత్రం కళ్ళు నేల మీదే ఉన్నాయి.

మొహాఫిజ్ సాబు మిసిలు మూసి, దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"దరఖాస్తు పెట్టు, ఫీజు టికెట్టు అంటించు, నకలు ఇస్త. కానీ అది అక్తర్ బేగం నకలు. దాన్ని పెట్టుకొని ఖాజీ సాబు ఏం చేస్తడు? మున్సిఫ్ సాబు ముందర నిలబడి, మా తండ్రి అబద్ధం చెప్పిండు అని చెప్పాలె. ఏలిముద్ర ఈమెదే అని ఆయన రాసిండనుకో, మీరు బతికిర్రు. అదాలత్‌ను మోసం చేసిర్రు, తీర్పు చెల్లదు అన్నడనుకో..."

"అంటే?"

"అంటే ఇయ్యాల సంది ఈమె మళ్ళ మదార్ ఇల్లాలే."

అహ్మద్ చెల్లెలి వైపు తిరిగాడు. "పోదామా ఇంటికి? ఏదో ఇట్లనే గడుస్తది. నేను పెట్టనా నీకు ఇంత రొట్టె?"

"ఇన్నేండ్లు పెట్టినవు. కాదన్ననా?" అంది షంషున్నీసా. "దరఖాస్తు పెట్టు భయ్యా."

మున్సిఫ్ సాబు మర్నాడు పది గంటలకు రమ్మన్నాడు. దగ్గరి ఊళ్ళోనే ఉండే మదార్‌నూ పిలిపించమన్నాడు. ఆ పూట అన్నాచెల్లెళ్ళు దర్గా పక్కన సరాయిలో తలదాచుకున్నారు. అహ్మద్‌కు కంటి మీద కునుకు లేదు. తండ్రి సమాధి మీద ఏటేటా పూలు వేసే చేతితోనే రేపు ఆయన్ను అబద్ధాలకోరుగా అప్పగించాలి.

పొద్దున అదాలత్ అరుగు నిండా జనం. పాలోళ్ళ పొలం గట్ల తగాదాలు, బర్రెల దొంగతనాలు. మదార్ కూడా వచ్చాడు. ఒక పిల్ల చంకలో, ఒక పిల్ల చెయ్యి పట్టుకుని. పిల్లల తలలకు నూనె లేదు. చప్రాసీ కురుమయ్య పట్టీ సర్దుకుంటూ కాగితం అందుకున్నాడు. ముసలివాడు. ఆ అరుగు మీద ముప్పై ఏళ్ళుగా పేర్లు పిలుస్తున్నవాడు. కాగితంలో పేరు చూసి, బురఖాలో ఉన్న మనిషిని చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బీబమ్మా, మొహాఫిజ్ సాబు అంతా చెప్పిండు. మీ నాయిన నీ పేరు మార్పించింది నా గొంతుకు భయపడేనంట కదా. జర మెల్లగ పిలవాల్నా?"

"వద్దు తాతా. అందరిని ఎట్ల పిలుస్తవో అట్లనే పిలువు."

కురుమయ్య గొంతు సవరించుకున్నాడు. "షంషున్నీసా! ఇమాం సాబు బిడ్డ! గద్వాల! హాజరున్నదా?" ఒకసారి, రెండోసారి. అహ్మద్ అరుగు మీద ఉన్న మొహాలన్నీ చూశాడు, ఎవడు నవ్వితే వాడి పళ్ళు రాలగొడదామని. ఎవడూ నవ్వలేదు. బర్రె పోయినవాడు బర్రె గురించే మాట్లాడుతున్నాడు. మూడోసారి పిలవకముందే "ఉన్న" అంది షంషున్నీసా.

లోపల మున్సిఫ్ సాబు అహ్మద్‌నే ముందు అడిగాడు. అతను వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయాడు.

"మా తండ్రి అబద్ధం చెప్పిండు సర్కార్" అన్నాడు. "నీతి తప్పినోడు కాదు. బిడ్డ పేరు బజార్ల పడుతదని భయపడ్డడు. ఆ భయంల ఇంకో పేరు చెప్పిండు. శిక్ష ఏదన్నుంటే నాకెయ్యుర్రి. నా చెల్లె మాత్రం ఏం చెయ్యలే."

మున్సిఫ్ సాబు పాత మిసిలు తెరిపించాడు. సిరా పలక తెప్పించి షంషున్నీసా బొటనవేలి ముద్ర కొత్త కాగితం మీద వేయించి, రెండూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. గదిలో పంకా తాడు కిర్రుమంటోంది.

"ఏలి మీద ఈ అడ్డగీత ఏంది?"

"చిన్నప్పుడు జొన్న కోతల కొడవలితోని తెగింది సర్కార్."

ఆ గీత పాత ముద్రలోనూ ఉంది. మున్సిఫ్ సాబు మదార్ వైపు తిరిగాడు.

"తొమ్మిదేండ్ల కింద ఇదే గదిల నువ్వు ఎవలికి ఖులా ఇచ్చినవు?"

"అక్తర్ బేగానికి సర్కార్. గందుల రాసుందిగా."

"అక్తర్ బేగం ఎవలి బిడ్డ?"

"ఇమాం సాబు బిడ్డ."

"ఇమాం సాబుకు ఎంతమంది ఆడబిడ్డలు?"

మదార్ నోరు తెరిచాడు. చంకలో పిల్ల అతని మీసం పట్టి గుంజింది. ఆ పిల్ల చెయ్యి తీసి, తల దించుకున్నాడు.

"ఒక్కతే సర్కార్."

మున్సిఫ్ సాబు కలం అందుకున్నాడు. రాసింది గుమాస్తా పేష్కార్ చదివి వినిపించాడు: ఈ మిసిలులో అక్తర్ బేగం అని ఉన్న మనిషి ఈ షంషున్నీసాయేనని, వేలిముద్రతోనూ ముద్దాలేహ్ నోటి మాటతోనూ రుజువైంది. ఖులా చెల్లుతుంది. ఈ మాట నకలు అడుగున ఎక్కించాలి. తండ్రి చేసిన పని తప్పు, కానీ ఆయన మన అధికారం దాటిపోయాడు.

అరుగు కింద మదార్ ఎదురొచ్చాడు. అహ్మద్ చెయ్యి పిడికిలి అయింది. షంషున్నీసా అన్నకు అడ్డంగా నిలబడింది.

"పిల్లలకు ఇంత పెట్టేటోళ్ళు లేరు షంషూ" అన్నాడు మదార్. "పిచ్చోని లెక్క చేసిన."

"ఇల్లాలు కావాల్నంటే ఖాజీ దగ్గరికి పోయి దొంగమాట చెప్తరా?" అంది ఆమె. కాస్త ఆగి, "మీ చెల్లె అమ్రాబాద్‌ల ఉంది కదా, దానికి బిడ్డలు లేరు. నన్నెట్ల తిడ్తిరో దాన్ని గూడ అట్లనే తిడ్తుంటరు అత్తింట్ల. ఈ పిల్లల్ని కొన్నాళ్ళు ఆడ ఉంచు. ఇద్దరికి మంచిగుంటది" అంది. పిల్ల జుట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసింది.

నకలు సాయంత్రానికి చేతికొచ్చింది. పుచ్చుకున్నట్టు పుస్తకంలో వేలు పెట్టమంటే అలవాటు కొద్దీ అహ్మద్ తన బొటనవేలు చాచాడు. షంషున్నీసా ఆ చేతిని పక్కకు నెట్టి తన వేలు పెట్టింది.

వనపర్తిలో బస్సు బొగ్గు నింపుకోవడానికి ఆగింది. కబురు ముందే అందినట్టుంది, చోటే మియా మెడలో కొలత టేపుతోనే నిలబడి ఉన్నాడు. షంషున్నీసా బస్సులో వెనక వరుసలో ఉంది. అహ్మద్ దిగి కాగితం చేతిలో పెట్టాడు. చోటే మియాకు చదువు వచ్చు. పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"అంతా సదివినవు కదా" అన్నాడు అహ్మద్ కటువుగా. "మా తండ్రి అదాలత్‌ల అబద్ధం ఆడిండు. నా చెల్లె పేరు నిన్న అరుగు మీద మూడుసార్లు పిలిచిర్రు. మీ అన్నదమ్ములకు ఇప్పుడే చెప్పు. రేపు మేం దాచినమని అనొద్దు. వద్దనుకుంటే గూడ ఇప్పుడే అను, నాకు అలవాటే."

చోటే మియా కాగితాన్ని మడతల మీదే మడిచాడు. ఒక్క కొసా అటూ ఇటూ కాకుండా, బట్ట మడిచినట్టు.

"నా మొదటి పెండ్లికి మా నాయిన నా వయసు ఎనిమిదేండ్లు తగ్గించి చెప్పిండు. పిల్లనిచ్చినాయిన నిఖా అయినంక నా తలల తెల్లెంటికలు చూసి లెక్కపెట్టిండు" అన్నాడు. "మీ నాయిన పేరే కదా మార్చింది, మనిషిని మార్చలే కదా. బేస్తవారం జుమేరాత్‌కు వస్తమని ఖాజీ సాబుకు చెప్పు. నెలవంకకు ఇంగ రెండ్రోజులు ఉంటది."

బస్సు వెనక వరుసలోంచి నవ్వు వినిపించింది. ఆపుకుందామని ఆపుకోలేక, బురఖాలోంచి పైకి తన్నుకొచ్చిన నవ్వు. బస్సులో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. తొమ్మిదేళ్ళలో అహ్మద్ ఆ నవ్వు విన్నది లేదు. అయినా అలవాటు అలవాటే. జనం ఉన్నరు, మెల్లగ నవ్వు అని గద్దించడానికి కిటికీ దగ్గరికి పోయాడు. నోరు తెరిచేసరికి క్లీనరు పొయ్యి మూత ఎత్తాడు. బొగ్గు పొగ భగ్గున వచ్చి గొంతులో పడింది. అతను దగ్గుతూ నిలబడితే, షంషున్నీసా ఇంకా నవ్వుతూనే కిటికీలోంచి నీళ్ళ చెంబు అందించింది.